ఊపిరితిత్తిలో కరిగే కుట్లు: బలం ముందు, పదార్థం తర్వాత

యల్లాప్రగడ సుబ్బారావు స్మృతిలో, ఖరగ్‌పూర్ పక్కన సాలువాలో చదివిన స్మారకోపన్యాస పాఠం

ఊపిరితిత్తిని కోసి కుట్టినప్పుడు సర్జన్ లోపల పెట్టే వస్తువులు రెండు రకాలు. కొన్ని జీవితాంతం అక్కడే ఉండిపోతాయి. టైటానియం స్టేపుళ్లు అలాంటివి. ఇరవై ఏళ్ల తర్వాత తీసిన ఎక్స్‌రేలో కూడా సన్నటి తెల్లగీతగా కనిపిస్తాయి. కొన్ని పని ఉన్నంతకాలం ఉండి, తర్వాత మాయమవుతాయి. ఫైబ్రిన్ జిగురు రెండు వారాలకు మించి పెద్దగా నిలవదు. పాలిగ్లాక్టిన్ దారం రెండు మూడు నెలల్లో పోతుంది. పాలిడయాక్సనోన్ దారానికి ఆరు నెలల పైనే పడుతుంది. ఇవి ఒక్కొక్కటి ఒక్కో దారిన పోయినా అణుస్థాయిలో జరిగేది ఒకటే: పొడవాటి అణువుల గొలుసులు తెగి ముక్కలవుతాయి, ముక్కలు ఇంకా చిన్నవై చివరకు శరీరం వాడుకోగలిగిన, లేదా మూత్రంలో పంపేయగలిగిన పదార్థాలుగా మారతాయి.

ఇక్కడ మొదట తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. దారం బలం పోయే కాలం వేరు, దారం మాయమయ్యే కాలం వేరు. మొదటిది ఎప్పుడూ ముందే వస్తుంది. డెబ్బై రోజుల్లో శరీరంలో కలిసిపోతుందని పెట్టె మీద రాసి ఉన్న దారం నాలుగో వారానికే మూడొంతుల బలం పోగొట్టుకుని ఉంటుంది. కంటికి దారం ఉన్నట్టే ఉంటుంది, ముడి కూడా ఉంటుంది, కానీ అది దేన్నీ పట్టి ఉంచడం లేదు. స్లాబు గట్టిపడేదాకా సెంట్రింగ్ ఊడదీయని మేస్త్రీ లెక్క లాంటిదే సర్జన్ లెక్కా: లోపలి కండ తన బరువు తాను మోసుకునే రోజు వచ్చాకే దారం బలం పోవాలి. ఆ తర్వాత దారం ఎన్నాళ్లు ఉన్నా మోసేది కండే.

ఊపిరితిత్తి విషయంలో ఈ లెక్క కష్టమవుతుంది. విరిగిన చేతికి కట్టు కట్టి కదలకుండా ఉంచవచ్చు. పేగును కుట్టాక రెండు రోజులు తిండి ఆపవచ్చు. ఊపిరితిత్తికి విశ్రాంతి ఇవ్వడం కుదరదు. నిమిషానికి పద్నాలుగు శ్వాసల చొప్పున లెక్కేసినా రోజుకు ఇరవై వేల సార్లు కుట్టు సాగి సడలుతుంది. దగ్గు వచ్చినప్పుడు పడే ఒత్తిడి వేరు. పైగా కుట్టవలసిన కణజాలం చాలా మెత్తన. పెద్దవారి ఊపిరితిత్తుల్లో ముప్ఫై కోట్లకు పైగా గాలిగదులుంటాయి. వాటి గోడలు వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు పలుచన. పైన కప్పిన ప్లూరా పొర ఒక్కటే సూదికి కాస్త పట్టు ఇస్తుంది. దారం బిగిస్తే కణజాలం కోసుకుపోతుంది, వదులు చేస్తే గాలి కారుతుంది. సూది దిగిన రంధ్రాలు కూడా గాలికి దారులే.

ఆ గాలి ఎంత కారుతోందో చూపేది మంచం పక్కన నేల మీద పెట్టిన సీసా. పక్కటెముకల మధ్య నుంచి ఛాతీలోకి వేసిన గొట్టం రెండో కొస ఆ సీసాలో నీటి అడుగున రెండు సెంటీమీటర్ల లోతులో మునిగి ఉంటుంది. ఈ పద్ధతిని 19వ శతాబ్దం చివరి పాదంలో జర్మన్ వైద్యుడు గోట్‌హార్డ్ బ్యూలౌ ప్రచారంలోకి తెచ్చాడు. ఇవాళ జిల్లా ఆసుపత్రిలో కూడా అదే. రోగి ఊపిరి పీల్చినప్పుడు గొట్టంలో నీటిమట్టం పైకి, వదిలినప్పుడు కిందికి కదులుతుంది. ఊపిరితిత్తి కారుతుంటే సీసాలో బుడగలు లేస్తాయి. మొదటి రోజు మామూలు శ్వాసకే బుడగలు వస్తాయి. తగ్గుతున్నకొద్దీ దగ్గమన్నప్పుడే ఒకటి రెండు కనిపిస్తాయి. తర్వాత దగ్గినా రావు. డ్యూటీ నర్సు రోజుకు మూడు పూటలా చార్టులో రాసేది ఇదే. ఐదు రోజులు దాటినా బుడగలు ఆగకపోతే దాన్ని దీర్ఘకాలపు గాలి కారడంగా లెక్కిస్తారు. గొట్టం ఎక్కువ రోజులు ఉంటే నొప్పి, ఇన్‌ఫెక్షన్, ఇంటికి వెళ్లలేకపోవడం అన్నీ పెరుగుతాయి. కరిగే పదార్థాల మీద జరిగిన పరిశోధనలో పెద్ద భాగం ఈ బుడగల్ని తొందరగా ఆపడం కోసమే జరిగింది.

గాయం మానే క్రమం తెలిస్తే ఏ పదార్థానికి ఎంత గడువు ఉండాలో తేలుతుంది. కోసిన అంచు మీద కొన్ని గంటల్లోనే రక్తంలోని ఫైబ్రిన్ పలచటి పొరగా పేరుకుంటుంది. మొదటి రెండు మూడు రోజులు తెల్లకణాలవి. అవి చెత్త తీసేస్తాయి. నాలుగైదు రోజులకు ఫైబ్రోబ్లాస్టు కణాలు వచ్చి కొల్లాజెన్ పోగులు వేయడం మొదలుపెడతాయి. వారం పది రోజుల్లో ప్లూరా మీద కొత్త కణాల వరస పరుచుకుంటుంది. చాలామందిలో ఆ ప్రాంతం ఛాతీగోడకు అతుక్కుంటుంది కూడా; గాలి ఆపడానికి ఆ అతుకుడే సగం సాయం. కొల్లాజెన్ పోగులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టిపడటం మాత్రం వారాలు, నెలలు సాగుతుంది. అంటే ఊపిరితిత్తి పైభాగానికి మొదటి రెండు వారాలు బయటి ఆసరా తప్పనిసరి, మూడు నాలుగు వారాలు ఉంటే మేలు. శ్వాసనాళానికి గడువు ఇంతకన్నా ఎక్కువ. దాని సంగతి తర్వాత.

ఒకప్పుడు ఈ ప్రశ్నలు అడిగే అవకాశమే లేదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే పనుల కోసం తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్ చేరిన కాలానికి ఊపిరితిత్తి జబ్బు అంటే క్షయే, క్షయకు వైద్యం అంటే గాలి, తిండి, విశ్రాంతి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915లో మొదలైంది. ఆ రోజుల శస్త్రచికిత్స అంతా ఊపిరితిత్తిని కుట్టడం కోసం కాక, దాన్ని ముడుచుకుపోయేలా చేయడం కోసం జరిగేది. ఛాతీలోకి గాలి ఎక్కించేవారు, లేదా పక్కటెముకలు తీసేసేవారు. ఒక ఊపిరితిత్తిని మొత్తంగా ఒకే విడతలో తీసి రోగిని బతికించిన తొలి ఘనత 1933లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఎవార్ట్స్ గ్రాహంది. మన దేశంలో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో రీవ్ బెట్స్ 1949లో ఛాతీ శస్త్రచికిత్స విభాగం ప్రారంభించాడు. అప్పటికి సర్జన్ చేతిలో ఉన్న కరిగే దారం దాదాపు ఒక్కటే, క్యాట్‌గట్.

క్యాట్‌గట్ గొర్రె పేగు లోపలి పొర నుంచో పశువు పేగు పైపొర నుంచో తీసిన కొల్లాజెన్. పూర్వకాలపు వైద్యులకూ తెలిసిన ఈ దారాన్ని క్రిమిరహితం చేసి నమ్మదగిన వస్తువుగా మార్చినవాడు జోసెఫ్ లిస్టర్. 1868 చివరలో ఒక దూడ మెడ ధమనిని కార్బాలిక్ ఆమ్లంలో నానబెట్టిన క్యాట్‌గట్‌తో కట్టి, నెల తర్వాత చూస్తే దారం స్థానంలో సజీవ కణజాలం కనిపించింది. 1869లో ఆయన ఆ ఫలితం ప్రచురించాడు. క్రోమిక్ లవణాలతో పదును పెడితే దారం ఇంకొంత కాలం నిలుస్తుందని తర్వాత తేలింది. మామూలు క్యాట్‌గట్ వారం పది రోజులు, క్రోమిక్ క్యాట్‌గట్ రెండు మూడు వారాలు బలం నిలుపుకుంటాయి.

దీని లోపం అది పోయే పద్ధతిలోనే ఉంది. కొల్లాజెన్‌ను కోసేవి ఎంజైములు. ఆ ఎంజైముల్ని తెచ్చేవి తెల్లకణాలు. కాబట్టి గాయంలో వాపు ఎంత ఉంటే దారం అంత తొందరగా పోతుంది. చీము పట్టిన ఛాతీలో, సరిగ్గా దారం అవసరం ఎక్కువగా ఉన్నచోట, క్యాట్‌గట్ కొద్ది రోజుల్లో తెగిపోవచ్చు. దారం పోవడానికి వాపు కావాలి, దారమే పరాయి జంతువు మాంసకృత్తు గనుక వాపును పెంచుతుంది కూడా. రోగి రోగికీ లెక్క మారిపోయే దారంతో శ్వాసనాళాన్ని మూయడానికి సర్జన్లు ధైర్యం చేయలేకపోయారు. పట్టు దారం వాడితే అది ఏళ్ల తరబడి ఉండిపోయి, నాళం లోపల కణితి లాంటి కండను పెంచి, దగ్గులో రక్తం తెప్పించేది. పిచ్చి ఆవు వ్యాధి భయంతో 2001లో యూరప్ క్యాట్‌గట్‌ను పక్కన పెట్టింది.

మార్పు తెచ్చింది పాలిగ్లైకాలిక్ ఆమ్లం. ఈ పాలిమర్ రసాయన శాస్త్రజ్ఞులకు ముందే తెలుసు, కానీ తేమ తగిలితే చెడిపోతుందని పనికిరానిదిగా వదిలేశారు. అమెరికన్ సైనమిడ్ కంపెనీకి చెందిన ష్మిట్, పోలిస్టినా ఆ లోపాన్నే గుణంగా వాడుకుని దారం తయారుచేశారు. 1967లో పేటెంటు వచ్చింది, 1970 ప్రాంతంలో అదే కంపెనీ శాఖ డేవిస్ అండ్ గెక్ దాన్ని డెక్సాన్ పేరుతో బజారులోకి తెచ్చింది. వెంటనే ఎథికాన్ కంపెనీ తొంభై పాళ్లు గ్లైకోలైడ్, పది పాళ్లు లాక్టైడ్ కలిపిన పాలిగ్లాక్టిన్ 910ను వైక్రిల్ పేరుతో తెచ్చింది. పాలిడయాక్సనోన్ 1980లలో వచ్చింది.

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆయన పనిచేసిందీ ఆ సైనమిడ్ గొడుగు కిందే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1940లో లెడర్లీ లేబొరేటరీస్‌లో చేరారు; లెడర్లీ సైనమిడ్ కంపెనీకి మరో శాఖ. 1948లో ఆయన కన్నుమూసిన రెండు దశాబ్దాలకు గానీ డెక్సాన్ రాలేదు కాబట్టి ఆ దారంలో ఆయన చెయ్యి లేదు. అయితే ఆ దారం శరీరంలో ఎలా కలిసిపోతుందో అర్థం చేసుకోవడానికి ఉపయోగపడే రసాయన శాస్త్రంలో ఆయన చెయ్యి ఉంది. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుకునే రోజుల్లో ఖద్దరు గౌనుతో ఆపరేషన్ గదికి వెళ్లినందుకు శస్త్రచికిత్స ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ పట్టాతో బయటికి వచ్చిన మనిషి ఆయన. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని చూపారు. అప్పటిదాకా కండరం ముడుచుకోవడానికి మూలం లాక్టిక్ ఆమ్లమే అన్న సిద్ధాంతం రాజ్యమేలింది. ఆ పరిశోధనతో, తర్వాత వచ్చిన మరికొన్నిటితో, లాక్టిక్ ఆమ్లం తన అసలు స్థానానికి చేరింది: అది శరీరంలో నిత్యం పుట్టి, నిత్యం ఖర్చయ్యే మధ్యంతర పదార్థం. లాక్టైడ్ ఉన్న కరిగే దారం భద్రతకు ఈ వాస్తవం ఒక ముఖ్య ఆధారం.

లెక్క వేసి చూస్తే ఆ భద్రత ఎంతో తెలుస్తుంది. 3-0 సైజు దారం మందం మిల్లీమీటరులో ఐదో వంతుకు కాస్త ఎక్కువ. డెబ్బై సెంటీమీటర్ల పొడవు దారం బరువు నలభై మిల్లీగ్రాములు. విశ్రాంతిగా ఉన్న మనిషి శరీరం ఒక్క రోజులో వంద గ్రాములకు పైగా లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసి వాడేసుకుంటుంది. నలభై మిల్లీగ్రాములు రెండు నెలల మీద విడుదలైతే శరీరానికి ఆ సంగతి కూడా తెలియదు.

దారం తెగే పద్ధతి ఇది. పాలిగ్లైకాలిక్, పాలిలాక్టిక్ గొలుసుల్లో లంకెల్లాంటి చిన్న అణువులు, అంటే కణికలు, ఒకదానితో ఒకటి ఎస్టర్ బంధంతో కలిసి ఉంటాయి. నీటి అణువు ఆ బంధం దగ్గరికి చేరితే బంధం రెండుగా విడిపోతుంది, ఒక కొస ఆమ్లం, ఇంకో కొస ఆల్కహాల్ అవుతాయి. దీన్నే జలవిశ్లేషణ అంటారు. ఎంజైముతో నిమిత్తం లేదు, వాపుతో నిమిత్తం లేదు, కావలసింది నీరు, వెచ్చదనం. శరీరంలో రెండూ అందరికీ ఒకే తీరుగా ఉంటాయి గనుక గడువు దాదాపు అందరిలోనూ ఒకటే. క్యాట్‌గట్ ఇవ్వలేని హామీ ఇదే.

దారం లోపల గొలుసులు అంతటా ఒకే పొందికలో ఉండవు. కొన్నిచోట్ల బారులు తీరి స్ఫటికంలా బిగుసుకుని ఉంటాయి, వాటి మధ్య చిందరవందరగా వదులైన భాగాలుంటాయి. నీరు మొదట ఈ వదులు భాగాల్లోకి దిగుతుంది. బిగుసుకున్న ముక్కల్ని ఒకదానితో ఒకటి కలిపి ఉంచేవి ఈ వదులు గొలుసులే. అవి తెగగానే దారం లాగుడుకు ఆగలేదు, కానీ పదార్థంలో ఎక్కువ భాగం ఇంకా అక్కడే ఉంటుంది. బలం ముందు పోయి బరువు తర్వాత పోవడానికి కారణం ఇదే. ఈ దశలో తీసిన దారాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూస్తే పోగు పొడవునా అడ్డంగా పగుళ్లు కనిపిస్తాయి. ఆ తర్వాత నీరు స్ఫటిక భాగాల్నీ తినేస్తుంది. ముక్కలు బాగా చిన్నవయ్యాక మాక్రోఫేజ్ కణాలు వచ్చి మిగిలినదాన్ని మింగుతాయి.

గ్లైకాలిక్ ఆమ్లంలో కొంత మూత్రంలో పోతుంది, కొంత గ్లైసిన్‌గా, ఆపై పైరూవేట్‌గా మారి, కణాలు శక్తిని తయారుచేసుకునే క్రెబ్స్ చక్రంలో చేరుతుంది. లాక్టిక్ ఆమ్లం నేరుగా పైరూవేట్ అవుతుంది. చివరికి మిగిలేవి నీరు, బొగ్గుపులుసు వాయువు. ఊపిరితిత్తిని కుట్టిన దారంలోని కార్బన్‌లో కొంత భాగం ఆ ఊపిరితిత్తి నుంచే బయటికి వెళుతుంది. పాలిడయాక్సనోన్ ముక్కలు మాత్రం ప్రధానంగా మూత్రంలో పోతాయి.

లాక్టైడ్ కణికకు పక్కన ఒక మిథైల్ గుంపు అదనంగా ఉంటుంది. అది నీటిని దూరం పెడుతుంది. అందుకే అచ్చంగా పాలిలాక్టిక్ ఆమ్లంతో చేసిన వస్తువు ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఎముకల్లో వేసే మరలకు అది పనికొస్తుంది, ఊపిరితిత్తి కుట్టుకు అక్కర్లేదు. రెండు కణికల్నీ కలిపే పాళ్లతోనూ, పూర్తిగా వేరే కణికల్ని ఎంచుకోవడంతోనూ తయారీదారులు గడువును మలుచుకుంటారు. ఆ గడువులు అంకెల్లో ఇలా ఉంటాయి. పాలిగ్లాక్టిన్ 910 రెండో వారం చివర 75 శాతం బలంతో ఉంటుంది, మూడో వారానికి 50, నాలుగో వారానికి 25. పదార్థం పూర్తిగా పోవడానికి 56 నుంచి 70 రోజులు. పాలిగ్లెకాప్రోన్ 25 అనే దారం మొదటి వారానికే సగానికి దగ్గరవుతుంది, రెండో వారానికి 20-30 శాతమే మిగులుతుంది, కానీ మాయమవడానికి 91 నుంచి 119 రోజులు తీసుకుంటుంది. బలం తొందరగా పోయే దారం తొందరగా మాయం కావాలని లేదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. పాలిడయాక్సనోన్ లావు సైజుల్లో నాలుగో వారానికి 70 శాతం, ఆరో వారానికి 60 శాతం బలం నిలుపుకుంటుంది. పూర్తిగా పోవడానికి 182 నుంచి 238 రోజులు.

ఊపిరితిత్తి పైభాగాన్ని కుట్టడానికి పాలిగ్లాక్టిన్ చాలు. అక్కడ రెండు వారాలు గడిస్తే గండం గడిచినట్టే. శ్వాసనాళం వేరు. నాళం గోడలో మృదులాస్థి ఉంటుంది, రక్తప్రసరణ తక్కువ, మానడం నిదానం. ఊపిరితిత్తిలో ఒక లోబ్‌ను, అంటే ఒక పెద్ద భాగాన్ని, తీసేసి మిగిలిన నాళం మొదలును మూసినచోట కుట్టు విడిపోతే గాలి, కఫం నేరుగా ప్లూరా కుహరంలోకి వెళతాయి. ఛాతీ శస్త్రచికిత్సలో సర్జన్లు అన్నిటికన్నా భయపడే పరిణామాల్లో ఇదొకటి. రెండు నాళాల కొసల్ని కలిపి కుట్టేటప్పుడు ఆరు వారాలు బలం నిలిపే పాలిడయాక్సనోన్ లాంటి ఒంటిపోగు దారాన్ని చాలామంది ఎంచుకోవడానికి కారణం అదే. ఒంటిపోగు దారం నునుపుగా కణజాలంలోంచి జారుతుంది, పోగుల మధ్య సందుల్లేవు కాబట్టి క్రిములు దాక్కోవు. పసిపిల్లల్లో ఇంకో లాభం: నాళం పిల్లతోపాటు పెరగాలి, కరగని దారం చుట్టూ బిగించిన ఉంగరంలా మిగిలిపోతే పెరగదు.

ఊపిరితిత్తి మార్పిడి చరిత్రలో నాళం కుట్టే చాలాకాలం అడ్డుగోడ. 1963 జూన్‌లో అమెరికాలోని జాక్సన్‌లో జేమ్స్ హార్డీ మొదటి మార్పిడి చేశాడు, రోగి పద్దెనిమిది రోజులు బతికాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు ప్రయత్నాలేవీ దీర్ఘకాలం నిలవలేదు. కారణాల్లో ముఖ్యమైనది నాళం అతుకు విడిపోవడం: ఆ కొసకు సొంత ధమని తెగిపోయి ఉంటుంది, పైగా ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు మానడాన్ని అడ్డుకునేవి. టొరంటోలో జోయెల్ కూపర్ బృందం కడుపులోని కొవ్వు పొరను పైకి తెచ్చి కుట్టు చుట్టూ చుట్టి, స్టెరాయిడ్లు తగ్గించి 1983లో దీర్ఘకాలం నిలిచిన విజయం సాధించింది. ఏ దారం ఎన్ని వారాలు నిలుస్తుందన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, కుట్టుకు రక్తం అందుతోందా అన్న ప్రశ్న అంతకన్నా ముఖ్యమని ఆ ఇరవై ఏళ్లు చూపాయి.

దారంతో ఆపలేని చోట పూతలు, పట్టీలు వస్తాయి. ఫైబ్రిన్ జిగురులో రెండు సీసాలుంటాయి, ఒకదానిలో ఫైబ్రినోజన్, ఇంకోదానిలో త్రాంబిన్. రెండూ కలిసినచోట రక్తం గడ్డకట్టే చివరి మెట్టు కళ్ల ముందే జరుగుతుంది. దాన్ని విడగొట్టేది ప్లాస్మిన్ అనే ఎంజైము, కాబట్టి గడువు వారం రెండు వారాలే. సాగే ఊపిరితిత్తి మీద ఆ జిగురు ఒక్కటే వేస్తే పగిలిపోతుంది. అందుకే కొల్లాజెన్ పట్టీ మీద ఆ రెండు పదార్థాల్నీ ఎండబెట్టి అంటించిన టాకోసిల్ వచ్చింది. తడి చేసి మూడు నిమిషాలు అదిమి పట్టుకుంటే అతుక్కుంటుంది. పాలిఇథిలీన్ గ్లైకాల్‌ను మానవ ఆల్బుమిన్‌తో కలిపిన ప్రోజెల్‌కు 2010లో అమెరికాలో అనుమతి లభించింది. అది శ్వాసతోపాటు సాగుతుంది, సుమారు నెల రోజుల్లో పోతుంది.

జపాన్‌లో ఇంకో దారి పట్టారు. పాలిగ్లైకాలిక్ పోగుల్ని నేయకుండా ఒత్తి దూదిపొరలా చేసిన నియోవీల్ పట్టీని కోసిన అంచు మీద పరిచి, పైన ఫైబ్రిన్ జిగురు చల్లుతారు. జిగురు మొదటి రోజుల గాలిని ఆపుతుంది. జిగురు పోయేసరికి పట్టీ పోగుల మధ్యకు కణాలు చేరి ఉంటాయి. పట్టీ నాలుగు నెలల్లో పోయేసరికి అక్కడ ప్లూరా మునుపటికన్నా మందంగా తయారవుతుంది. ఒకదాని గడువు ముగిసేచోట ఇంకోదాని పని మొదలయ్యే ఈ ఏర్పాటు ఈ రంగంలో మెచ్చుకోదగ్గ ఆలోచన. ఊపిరితిత్తి మీది గాలితిత్తులు పగిలి అది పదే పదే కూలిపోయే యువకుల్లో ఈ మందమైన ప్లూరాయే రక్ష. నియోవీల్ తయారుచేసే గున్జే కంపెనీ 1896లో క్యోటో ప్రాంతపు అయాబేలో పట్టు తీసే సంస్థగా మొదలైంది.

స్టేప్లర్ వేసే అంచుకు ఆసరాగా కరిగే పట్టీలు కూడా ఉన్నాయి. వాటి గడువు ఆరు నెలల దాకా ఉంటుంది. ఉబ్బిపోయిన ఊపిరితిత్తుల్లో, స్టేపుల్ కాళ్లు దిగిన రంధ్రాలే చిరిగిపోయేచోట, ఇవి బాగా ఉపయోగపడతాయి. ఖరీదు మాత్రం ఎక్కువ. డబ్బు లేనిచోట సర్జన్లు రోగి సొంత పక్కటెముకల కండరాన్నీ గుండె చుట్టూ ఉండే కొవ్వునూ వాడతారు, రోగి సొంత రక్తాన్నే గొట్టం ద్వారా ఛాతీలోకి ఎక్కించి గాలి ఆపుతారు. వీటిని తక్కువ రకం వైద్యంగా చూడకూడదు. సొంత కండరం కరగదు, రక్తం తెస్తుంది, చీము ఉన్నచోట ఏ పట్టీకన్నా నయం.

గడువును మార్చే కారణాలు కొన్ని ఉన్నాయి. జలవిశ్లేషణ వేడితో వేగం పెరుగుతుంది; పాలిగ్లైకాలిక్ ఆమ్లం గట్టిదనం వదిలి మెత్తబడే ఉష్ణోగ్రత శరీర వేడికి చాలా దగ్గర. క్షారం ఎక్కువైనా దారం తొందరగా తెగుతుంది. ఎప్పుడూ లాగుడులో ఉన్న దారం, ఊరికే ఉన్న దారంకన్నా ముందు అలిసిపోతుంది. ప్రయోగశాలలో దారాల గడువు కొలిచేటప్పుడు వాటిని 37 డిగ్రీల వేడిలో, 7.4 పీహెచ్ ఉన్న ఫాస్ఫేట్ ద్రావణంలో ఉంచి, వారం వారం తీసి లాగి చూస్తారు. ఆ సీసా ఊపిరి పీల్చదు. ఊపిరితిత్తిలో వాడే పదార్థాన్ని సాగదీస్తూ సడలిస్తూ పరీక్షించాలి. సాలువాకు పక్కనే ఐఐటీ ఖరగ్‌పూర్‌లో 2001లో ఏర్పడిన వైద్యశాస్త్ర సాంకేతిక విభాగంలో వైద్యులు, ఇంజనీర్లు ఒకే కప్పు కింద జీవపదార్థాల మీద పనిచేస్తున్నారు. ఇలాంటి పరీక్షా యంత్రాలు తయారుకావలసింది అలాంటి చోట్లే.

మందమైన వస్తువుల్లో మరో విచిత్రం ఉంది. లోపల పుట్టిన ఆమ్లం బయటికి రాలేక అక్కడే పేరుకుని, ఆ ఆమ్లమే మిగిలిన బంధాల్ని ఇంకా వేగంగా తెంచుతుంది. పైన గట్టిగా ఉండి లోపల డొల్ల అవుతుంది. సన్నటి దారానికి ఈ బెడద లేదు, మందపు పట్టీలకు కొంత ఉంది.

గడువు ఆపరేషన్ గదిలో మొదలవుతుందని అనుకుంటారు; నిజానికి అది స్టోరు గదిలోనే మొదలు కావచ్చు. కరిగే దారం రెండు కవర్లలో వస్తుంది. పై కవరు చించితే లోపల అల్యూమినియం రేకు కవరు. దాన్ని చించితే కాగితపు మడతలో చుట్టలు చుట్టిన ఊదారంగు దారం, ఒక కొసకు కన్ను లేని సూది అంటుకుని ఉంటుంది. రక్తంలో కనిపించడానికే ఆ ఊదారంగు. రేకు ఎందుకంటే తేమ తగలకూడదు. గామా కిరణాలు ఈ గొలుసుల్ని తెంచేస్తాయి గనుక ఇథిలీన్ ఆక్సైడ్ వాయువుతో శుద్ధిచేసి, పూర్తిగా ఎండబెట్టి, రేకులో మూస్తారు. 25 డిగ్రీలకు లోపు ఉంచాలని పెట్టె మీదే ఉంటుంది. ఖరగ్‌పూర్‌లో మే నెల ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి తడిబట్టలా ఉంటుంది. ఏసీ లేని స్టోరులో, కిటికీ పక్క అరలో పెట్టిన దారం గడువు తేదీ రాకముందే బలహీనపడే ప్రమాదం ఉంది. రేకు చించాక మిగిలిన దారాన్ని మళ్లీ శుద్ధిచేసి వాడడం అసలే కూడదు. పొదుపు కోసం చేసే ఆ పని రోగిని మళ్లీ బల్ల ఎక్కించవచ్చు.

ఇక చివరి దశ, పదార్థం పూర్తిగా పోయేలోపు కాలం. మాక్రోఫేజ్‌లు, వాటి కలయికతో ఏర్పడే పెద్ద కణాలు దారం ముక్కల చుట్టూ గుమిగూడి చిన్న గడ్డ కడతాయి. సీటీ స్కాన్‌లో అది కుట్టు పక్కన మచ్చగా కనిపిస్తుంది. పెట్ స్కాన్‌లో చక్కెరను ఎక్కువగా పీల్చే చోటుగా వెలుగుతుంది, ఎందుకంటే పనిచేస్తున్న మాక్రోఫేజ్‌లకూ చక్కెర కావాలి. క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన రోగిలో ఇది జబ్బు తిరగబెట్టినట్టే కనిపిస్తుంది. మన దేశంలో ఇంకో చిక్కు: సూక్ష్మదర్శినిలో ఇలాంటి గడ్డ కనిపిస్తే మొదట గుర్తొచ్చేది క్షయ. క్షయ గడ్డ మధ్యలో జున్నులా కుళ్లిన భాగం ఉంటుంది. దారం చుట్టూ ఏర్పడిన గడ్డలో అది ఉండదు, ధ్రువిత కాంతిలో చూస్తే పోగు ముక్కలు మెరుస్తాయి. ఆ తేడా పట్టుకోవాలంటే అక్కడ ఏం కుట్టారో రిపోర్టు రాసే వైద్యుడికి తెలియాలి. డిశ్చార్జి కాగితంలో ఊపిరితిత్తి లోబ్ తీశారని మాత్రమే ఉంటే సరిపోదు. ఏ దారం, ఏ పట్టీ, ఏ జిగురు, ఏ తేదీన అన్నవి కూడా ఉండాలి. పాలిగ్లైకాలిక్ పట్టీ మచ్చ నెలలు గడిచేకొద్దీ చిన్నదవుతుంది. జబ్బు మచ్చ పెరుగుతుంది. అందుకే మొదటి స్కాన్‌లో అనుమానం వస్తే వెంటనే ముక్క తీయడానికి సూది వేయకుండా, వేరే లక్షణాలేవీ లేనప్పుడు, రెండు మూడు నెలల తర్వాత మళ్లీ స్కాన్ తీసి పోల్చుకుంటారు. పట్టీ వేసిన తేదీ కాగితం మీద ఉంటేనే ఆ పోలికకు అర్థం ఉంటుంది.